రోజూ మూట మొత్తం మోయనక్కరలేదు



ఈ పేజీలో మామూలుగా బి.పి., షుగరు, బాలింతల ఆహారం గురించి చదువుతుంటారు. ఈసారి కంప్యూటర్ల గురించి రాస్తున్నాను. ఇది కూడా మీ ఆరోగ్యానికి సంబంధించిన సంగతే. ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో కేస్ షీట్లు, రక్త పరీక్షల రిపోర్టులు, ఎక్స్‌రేలు కంప్యూటర్‌లోనే ఉంటున్నాయి. పెన్సిలిన్ పడని రోగి ఎవరు, మొదటి కాన్పులో ఆర్‌హెచ్ నెగెటివ్ అని తేలిన తల్లి ఎవరు అన్నది ఆ రికార్డే చెప్పాలి. రోగి స్పృహలో లేకుండా వచ్చినప్పుడు అతని తరఫున మాట్లాడేది అదొక్కటే.

అందుకే ఆ రికార్డులకు రెండో నకలు వేరే చోట ఇంకో కంప్యూటర్‌లో ఉండాలి. ఆ నకలు రోజూ వెళ్లాలి. "ఇంటర్నెట్ లైను నెమ్మది, వారానికి ఒకసారి పంపితే చాలదా?" అనేవారున్నారు. చాలదని నా అభిప్రాయం. ఆరో రోజున డిస్కు పాడైతే ఆ ఆరు రోజుల కాన్పులు, ఆపరేషన్లు, మందుల మార్పులు అన్నీ పోయినట్టే.

వారు చెప్పే ఇబ్బంది మాత్రం నిజమే. రికార్డులన్నీ కుదించి ఒకే జిప్ మూటగా కడితే 40 జీబీ అయిందనుకుందాం. సెకనుకు 10 మెగాబిట్లు పంపే లైను మీద అది చేరడానికి దాదాపు 9 గంటలు పడుతుంది. రాత్రి 10 గంటలకు మొదలుపెడితే తెల్లవారి 7 అవుతుంది. అయితే ఆ రోజు నిజంగా మారినది 400 ఎంబీ మాత్రమే అయితే, అది వెళ్లడానికి ఐదారు నిమిషాలు చాలు. కాబట్టి మారినది మాత్రమే పంపాలి.

వార్డులో మేము చేసేది అదే. నైట్ డ్యూటీ నర్సు ఉదయం హ్యాండోవర్ ఇచ్చేటప్పుడు ప్రతి కేస్ షీటూ మొదటి నుంచి చదివి వినిపించదు. రాత్రి ఏం మారిందో అది చెబుతుంది. మిగతాది డే డ్యూటీ నర్సు చేతిలోని కేస్ షీటులో ఉండనే ఉంది.

కంప్యూటర్ల మధ్య ఈ హ్యాండోవర్ చేసే ప్రోగ్రాము పేరు ఆర్‌సింక్. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ దీన్ని తయారు చేశారు. దీనికి డబ్బు కట్టనక్కరలేదు. అవతలి కంప్యూటర్ తన దగ్గరున్న పాత నకలును చిన్న ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకు చెక్‌సమ్ అనే గుర్తు సంఖ్య లెక్కగట్టి పంపుతుంది. ఇవతలి కంప్యూటర్ ఆ సంఖ్యలతో కొత్త ఫైలును పోల్చి చూసి, అవతల లేని ముక్కలు మాత్రమే పంపుతుంది. మధ్యలో ఒక లైను చేరి మిగతాదంతా కిందికి జరిగినా పాత ముక్కలను గుర్తుపడుతుంది.

ఇంత మంచి ప్రోగ్రాము కూడా రికార్డులన్నీ కలిపి ఒకటిగా కుదించిన మూట దగ్గర తడబడుతుంది. కారణం చెబుతాను. కేస్ షీటులో నిన్నటి మందులే ఇవాళ కూడా ఇవ్వాలంటే "రిపీట్ ఆల్" అని రాస్తారు. కుదింపు కూడా అలాంటిదే. ఒకసారి వచ్చిన మాట మళ్లీ వస్తే "పైన చూడు" అని చిన్న గుర్తు పెడుతుంది. ఆ గుర్తులన్నీ ఖాళీ లేకుండా పేర్చి ఉంటాయి. పైన ఒక్క మందు మారితే కింద గుర్తులు కూడా మారిపోతాయి, జరిగిపోతాయి. రికార్డులో మార్పు ఒక్క లైనే అయినా అక్కడి నుంచి మూటంతా కొత్తదిగా కనబడుతుంది. ఆర్‌సింక్ దాదాపు అంతా మళ్లీ పంపుతుంది.

దీనికి మార్గం ఉంది. జీజిప్ అనే కుదింపు ప్రోగ్రాములో ఆర్‌సింకబుల్ అనే ఆప్షన్ ఉంది. 2016లో వచ్చిన 1.7 వెర్షన్ నుంచి అది అందులోనే వస్తోంది. అది పెడితే కొంత దూరానికొకసారి "పైన చూడు" మానేసి కొత్త పేజీ మొదలుపెట్టినట్టు కుదిస్తుంది. మార్పు ఆ కొద్ది భాగంలోనే ఆగిపోతుంది. మూట సైజు సుమారు ఒక శాతం పెరుగుతుంది, అంతే. ఎక్స్‌రేలు, పాత సంవత్సరాల రికార్డులు ఇక మారవు కాబట్టి వాటిని విడి మూటలుగా కట్టి ఉంచితే ఇంకా మేలు.

రోగి వివరాలు గోప్యం. అందువల్ల పంపే దారికి ఎస్‌ఎస్‌హెచ్ వంటి తాళం తప్పనిసరి. మూటకే ముందుగా పాస్‌వర్డ్ తాళం వేస్తే మాత్రం మళ్లీ పాత ఇబ్బందే. అవతలి కంప్యూటర్ మనది కానప్పుడు బోర్గ్, రెస్టిక్ వంటి ప్రోగ్రాములు వాడవచ్చు. అవి ముందు ముక్కలు చేసి, తరువాత ఒక్కో ముక్కనూ కుదించి తాళం వేస్తాయి.

ఇంకొక హెచ్చరిక. అచ్చం ఇవతల ఉన్నట్టే అవతల ఉంచడం ఒక్కటే చాలదు. ఇవతల పొరపాటున చెరిపినది అవతల కూడా చెరిగిపోవచ్చు. ఇవతల పాడైన ఫైలు అవతలి మంచి నకలు మీద పడుతుంది. అందుకని తేదీలవారీగా పాత నకళ్లు కొన్ని వేరుగా ఉంచాలి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగినప్పుడు దాదాపు రెండు వారాలు అక్కడి పనులు చాలావరకు కాగితం మీదే నడిచాయి. ఈ-హాస్పిటల్ రికార్డులు తిరిగి దొరికినది దాడి తగలని బ్యాకప్ సర్వర్ నుంచే.

ఆ బ్యాకప్‌ను అప్పుడప్పుడు తెరిచి చూడాలి. ఎమర్జెన్సీ ట్రాలీలో ఆక్సిజన్ సిలిండర్ ఉంటే చాలదు, అందులో గ్యాసు ఉందో లేదో రోజూ చూస్తాం కదా! అలాగే నెలకు ఒక రోగి రికార్డైనా అవతలి నకలు నుంచి తీసి చదవగలిగితేనే అది పనికొచ్చే నకలు.

ఇందులో మీ వంతు కూడా ఉంది. వచ్చిన ప్రతిసారీ అదే పేరు, అదే పుట్టిన తేదీ, అదే ఓ.పి. నంబరు చెప్పండి. డిశ్చార్జి కాగితం పారేయకండి. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. కాబట్టి మొహమాటపడకుండా అడిగి తీసుకోండి. మీరు వైద్యం చేయించుకునే చోట "మా రికార్డుకు రెండో నకలు ఎక్కడుంది? ఆఖరుసారి ఎప్పుడు వెళ్లింది?" అని కూడా అడగండి. ఆ ప్రశ్నకు "నిన్న రాత్రి" అనే జవాబు రావాలి. లైను నెమ్మదిగా ఉన్న చిన్న ఆసుపత్రికి కూడా అది సాధ్యమే.