ముల్లు వణికినప్పుడు

దక్షిణ అండమాన్ దీవిలో జిర్కాటాంగ్ అనే చిన్న తనిఖీ కేంద్రం ఉన్నది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుండి ఉత్తరానికి పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు ఇక్కడ జారవాల అరణ్యంలో ప్రవేశిస్తుంది. వాహనాలు ఇక్కడ ఆగి, నిర్ణీత వేళలలో ఒకే వరుసగా బయలుదేరవలెను. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. ముందు బండిని దాటరాదు. దారిలో ఆగరాదు. ఇవి ఆ వనవాసుల రక్షణ కొరకు ఏర్పడిన నియమాలు.

అటువంటి వరుస మధ్యలో ఒక పాత అంబాసడర్ కారు స్పీడోమీటరు ముల్లు హఠాత్తుగా వణకసాగిందనుకొందాం. సున్నాకు పడిపోతుంది, మరుక్షణం అరవైకి ఎగురుతుంది. హెడ్‌లైట్లు మసకబారుతాయి. మరునాడు మెకానిక్కు ముందు నిలిపితే అన్నీ సవ్యంగానే పనిచేస్తాయి. వైద్యుని గుమ్మం తొక్కగానే మాయమయ్యే పంటి నొప్పి వంటిదే ఈ రోగం. వాహనదారుడు విసిగి ఒక కొత్త కేబుల్ వేయిస్తాడు. నెల తిరగకముందే ముల్లు మళ్ళీ వణుకుతుంది.

వచ్చిపోయే లోపానికి కూడా నియమం ఉంటుంది. అనుభవజ్ఞుడైన మెకానిక్కు పానా చేతబట్టక పూర్వం రెండు ప్రశ్నలు అడుగుతాడు. ఎప్పుడు వస్తున్నది? దానితోపాటు మరేది చెడుతున్నది? వానలోనా, గతుకులలోనా, ఇంజను వేడెక్కిన తరువాతనా, దీపాలు వేసినప్పుడా అన్నది ఒక చిన్న పుస్తకంలో వారం రోజులు వ్రాసిపెట్టుకొంటే సగం రోగం తెలిసినట్లే.

పాతకారు స్పీడోమీటరుకు విద్యుత్తుతో పనిలేదు. జర్మనీ దేశస్థుడైన ఒట్టో షుల్జే 1902లో పేటెంటు పొందిన పద్ధతి అది. గేర్‌బాక్సు నుండి వచ్చే కేబుల్ ఒక అయస్కాంతాన్ని త్రిప్పుతుంది. దాని ప్రభావం వలన చెంతనున్న అల్యూమినియం గిన్నె తిరుగబోతుంది. సన్నని స్ప్రింగు దానిని వెనుకకు లాగుతుంది. ఈ రెండింటి పెనుగులాటలో ముల్లు నిలిచిన చోటే వేగం. కనుక ముల్లు, కిలోమీటర్ల అంకెలు రెండూ ఆగితే కేబుల్ తెగినదైనా కావచ్చు, దాని పలకల మొన అరిగినదైనా కావచ్చు. అంకెలు తిరుగుతూ ముల్లు మాత్రమే కదలకపోతే దోషం మీటరులో ఉన్నది. ముల్లు వణికితే కేబుల్ ఎండిపోయినది, లేదా ఎక్కడో మెలిపడినది. కొత్త తరం కార్లలో కేబుల్ స్థానాన్ని సెన్సారు, తీగలు ఆక్రమించాయి గనుక అక్కడ విద్యుత్తునే మొదట శంకించవలెను.

పెట్రోలు ముల్లు, ఉష్ణమాపకం రెండూ ఒకేసారి తప్పు చూపితే వాటికి ఉమ్మడిగా విద్యుత్తునిచ్చే ఫ్యూజునో, స్టెబిలైజరునో, ఎర్తునో పరీక్షించాలి. ఒక్కటే తప్పు చూపితే దాని సొంత తీగను వెదకాలి. కలిసి చెడినవాటికి కలిసే చోటు ఉండి తీరుతుంది.

మరి విద్యుత్తుతో పనిలేని కేబుల్, మసకబారే దీపాలు ఒకేసారి చెడడమెట్లు? రహస్యం ఎర్తులో ఉన్నది. కారులో కరెంటు తిరిగి బ్యాటరీ చేరేది ఇనుప బాడీ ద్వారానే. కాని ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. దానిని బాడీతో కలిపేది ఒక రాగి అల్లిక పట్టీ. ఆ పట్టీ చివికిపోతే, సెల్ఫ్ తిప్పినప్పుడు పారే వందకు పైగా ఆంపియర్లు అడ్డదారి వెదుక్కొంటాయి. యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్, స్పీడోమీటరు కేబుల్ తొడుగు వాటికి దారి అవుతాయి. తొడుగు కాలుతుంది, లోపలి గ్రీజు ఎండుతుంది, ముల్లు వణుకుతుంది. రెండు ఫిర్యాదులు, మూలం ఒక్కటే. కేబుల్ మార్చి పట్టీని విడిచిపెడితే కొత్త కేబులూ అదే దారి పడుతుంది.

అండమాన్‌లో ఈ రోగానికి అనుకూలమైన వాతావరణం ఉన్నది. రెండు ఋతుపవనాలూ కలిసి ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిపిస్తాయి. గాలిలో ఉప్పు ఉన్నది. ఉప్పునీటి తడి తగిలినప్పుడు రాగి, ఇనుము కలిసిన చోటు ఒక చిన్న బ్యాటరీ వలె మారి ఇనుమును తినివేస్తుంది. రాగిపై పచ్చని చిలుము పేరుకొంటుంది. కుదుపుకు విడి, మరో కుదుపుకు అంటుకొనే ఆ సంబంధమే లోపం వచ్చిపోవడానికి కారణం.

పరీక్ష సులభం. గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజను స్టార్టు కాకుండా కాయిల్ తీగ విప్పి, వోల్టుమీటరు ఒక కొనను బ్యాటరీ నెగెటివ్ బుడిపెకు, రెండవ కొనను ఇంజనుకు ఆనించి సెల్ఫ్ తిప్పించాలి. అర వోల్టు మించి చూపితే ఎర్తు దోషమే. కరెంటు పారనప్పుడు చేసే పరీక్ష మోసం చేయగలదు. ఒక్క పోగు మిగిలి ఉన్నా అది బాగున్నదనే చెబుతుంది. దోషం తేలితే బ్యాటరీ తీగ విప్పి, పట్టీ రెండు చివరలను ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, వాసెలిన్ పూయవలెను. పోగులు చివికితే పట్టీనే మార్చవలెను.

ఈ క్రమం పాటించడం దీవులలో విలాసం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా నుండి వచ్చే ఓడలు వేయికి పైగా కిలోమీటర్ల సముద్రం దాటాలని వారికి తెలియనిది కాదు. అంబాసడర్ తయారీయే 2014లో ఆగిపోయింది. అంచనాతో మార్చిన ప్రతి విడిభాగమూ డబ్బును, దినాలను హరిస్తుంది.

జిర్కాటాంగ్ వద్ద వేచి ఉండే వేళ వృథా కానక్కరలేదు. దీపాలు, హారను, సెల్ఫ్ ఒకసారి పరీక్షించుకోవచ్చు. అప్పటికీ దారి మధ్యలో ముల్లు పడిపోతే ముందు బండితో సమానమైన ఎడం పాటించి నడపడమే మార్గం. అదీ ఆ 40 కిలోమీటర్ల నియమానికే కట్టుబడిన బండి కదా!