చీజ్ కాక్‌టెయిల్ సరే, గ్లాసులో ఏముంది?

విదేశీ బార్లలో చీజ్‌ను మద్యంలో నానబెట్టి, గడ్డకట్టిన కొవ్వును వడగట్టి కాక్‌టెయిళ్లు చేస్తున్నారు. కువైట్‌లో మద్యం అమ్మకం 1964 నుంచే నిషేధం. ఆ వీడియోలకు ముచ్చటపడితే ఇక్కడ దొరికేది దొంగ సారాయే. 2025 ఆగస్టులో మిథనాల్ కలిసిన మద్యం తాగి 160 మంది అస్వస్థులయ్యారు. వారిలో 23 మంది చనిపోయారు. మిథనాల్‌ను రుచితో పసిగట్టలేం. నిషేధం తాగుడును మాన్పించలేదు, చీకటి గదుల్లోకి నెట్టిందని నా అభిప్రాయం. పుచ్చకాయ, తెల్ల చీజ్ అరబ్బుల వేసవి జోడీ. పుచ్చకాయ రసంలో నిమ్మకాయ పిండి, ఫెటా ఊరిన ఉప్పునీరు చెంచాడు కలిపితే ఆ రుచి మత్తు లేకుండానే వస్తుంది. ఎవరైనా పొరపాటున తాగి, చూపు మసకబారిందంటే మాత్రం కేసులకు భయపడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.