యంత్రాలకు వేల కోట్లు సరే, మనుషుల సంగతేమిటి?

పదో తరగతి చదివిన ప్రతి ఒక్కరికీ హైడ్రోజన్ పరిచయమే. జింకు ముక్కల మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే బుడగలు వస్తాయనీ, మండే పుల్ల దగ్గర పెడితే టప్‌మని శబ్దం వస్తుందనీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. కానీ మనలో ఎంతమందిమి ఆ శబ్దాన్ని చెవులారా విన్నాం? ఈ ప్రశ్నకూ, దేశం ఇప్పుడు తలపెట్టిన ఒక పెద్ద పనికీ దగ్గరి సంబంధం ఉందని నా అభిప్రాయం.

ఆ పని కాలుష్యం లేకుండా హైడ్రోజన్ తయారుచేయడం. హైడ్రోజన్ మనకు దూరపు వస్తువేమీ కాదు. మన అమ్మానాన్నలు పొలంలో చల్లే యూరియాకు అమ్మోనియా కావాలి, అమ్మోనియాకు హైడ్రోజన్ కావాలి. ఇప్పుడు దాన్ని ఎక్కువగా సహజవాయువు నుంచి తీస్తున్నారు. అలా ఒక కిలో తీస్తే తొమ్మిది, పది కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఎండ నుంచీ, గాలి నుంచీ వచ్చిన కరెంటుతో నీటిని విడగొడితే ఆ బెడద ఉండదు.

అయితే నీరు అంత తేలిగ్గా విడిపోదు. లెక్క ప్రకారం 1.23 వోల్టులు చాలాలి. యంత్రాల్లో 1.8 వోల్టుల దాకా పడుతుంది. ఈ అదనపు ఖర్చును తగ్గించేదే ఉత్ప్రేరకం. ఆమ్ల స్వభావం గల పొరతో పనిచేసే యంత్రాలకు ప్లాటినం, ఇరిడియం కావాలి. ఇరిడియం ప్రపంచమంతటా తవ్వినా ఏడాదికి పది టన్నులు రాదు. అందులో అధిక భాగం దక్షిణాఫ్రికాదే. కాబట్టి నికెల్, ఇనుము, కోబాల్ట్ వంటి అందుబాటులో ఉన్న లోహాలతో పని జరిగే దారి వెతకాలి.

ఇలాంటి వెతుకులాట లోకానికి కొత్త కాదు. అమ్మోనియా తయారీకి మొదట్లో ఆస్మియం అనే అరుదైన లోహం వాడి చూశారు. జర్మనీలోని బి.ఏ.ఎస్.ఎఫ్. కంపెనీలో ఆల్విన్ మిట్టాష్ బృందం 1909లో మొదలుపెట్టి, రెండు మూడేళ్ళలో సుమారు 2,500 పదార్థాలతో 6,500 పరీక్షలు చేసింది. చివరికి పనికొచ్చింది కొద్దిగా అల్యూమినా, పొటాష్ కలిపిన ఇనుము. అన్ని పరీక్షల వెనుక ఎన్ని చేతులు పనిచేసి ఉంటాయో ఆలోచించండి.

ఆ చేతులకు శిక్షణ కావాలి. నీటిని విడగొట్టడంలో నికెల్ చూపే చురుకుదనంలో చాలా భాగం నిజానికి ద్రావణంలో మలినంగా కలిసిన ఇనుము వల్ల వచ్చిందేనని డెనిస్ కొరిగన్ 1987లో చూపించాడు. ప్లాటినం ఎలక్ట్రోడ్ కరిగి, పరీక్షిస్తున్న పదార్థం మీద చేరితే అది కూడా గొప్ప ఉత్ప్రేరకంలా కనబడుతుంది. ఇలాంటి మోసాలను పసిగట్టడం పుస్తకం బట్టీపడితే రాదు. పక్కన ఒక గురువు ఉండి, ఏళ్ళ తరబడి పనిచేస్తేనే వస్తుంది.

2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ మొత్తం 19,744 కోట్లు. అందులో తయారీదారులకిచ్చే ప్రోత్సాహకాలు 17,490 కోట్లు. పరిశోధనకు 400 కోట్లు, అంటే వంద రూపాయల్లో రెండు రూపాయలు. 2025 జనవరి 8న మన అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్.టి.పి.సి. గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన జరిగింది. సంతోషమే. కానీ పరిశోధకులను తయారుచేసుకోకపోతే యంత్రాలు మనవైనా వాటి గుండెకాయ పరాయివాళ్ళదే అవుతుంది. విదేశీ పరిజ్ఞానం కొనుక్కుంటే సరిపోతుంది కదా అనేవారున్నారు. కొన్న యంత్రంతో పాటు ఇరిడియం కొరతను కూడా మనం కొనుక్కున్నట్టే.

మరి ఆ పరిశోధకులు ఎక్కడి నుంచి రావాలి? మన హాస్టళ్ళ నుంచీ రావాలి. అందుకు మూడు పనులు జరగాలి. మొదటిది, మన పిల్లలు చదివే ప్రతి స్కూల్లో, జూనియర్ కాలేజీలో ప్రాక్టికల్స్ రికార్డు పుస్తకంలో కాక బల్ల మీద జరగాలి. రెండోది, డిగ్రీ పిల్లలకు వేసవిలో రెండు నెలలైనా నిజమైన ప్రయోగశాలలో పని దొరకాలి. మూడోది, ఫెలోషిప్ నెలనెలా చేతికందాలి. 2023 నుంచి జె.ఆర్.ఎఫ్. నెలకు 37,000 రూపాయలైంది. మంచిదే. కానీ అందులోంచే ఇంటికి పంపే పిల్లవాడికి నాలుగు నెలల ఆలస్యం అంటే పరిశోధన మానుకోమని చెప్పడమే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కెమిస్ట్రీ అంటే ఉద్యోగం రాని సబ్జెక్టు అనే మాట నమ్మకండి. బి.ఎస్సీ. తర్వాత ఐ.ఐ.టి. జామ్ రాయండి, ఎమ్మెస్సీ తర్వాత సి.ఎస్.ఐ.ఆర్. నెట్, గేట్ రాయండి. హైదరాబాద్ తార్నాకలోని ఐ.ఐ.సి.టి., హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తిరుపతి ఐసర్ మనకు దగ్గర్లోనే ఉన్నాయి. ఇక పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. వచ్చే వార్షికోత్సవానికి శాలువాలు, మెమెంటోల ఖర్చు కొంత తగ్గించి, హాస్టల్‌కు ఒక బీరువాడు గాజు సామాను, రసాయనాలు కొనిద్దాం. ఆ టప్‌మనే శబ్దాన్ని మన పిల్లలు మాస్టారి సమక్షంలో స్వయంగా వినాలి.