‘సారీ’ చెప్పేశాం కదా!

ఇంగ్లిషు రానివాళ్లకు కూడా వచ్చిన ఇంగ్లిషు మాట ‘సారీ’. బస్సులో ఎవరి కాలైనా తొక్కితే సారీ, ఫోనులో మాట వినబడకపోతే సారీ, అప్పు అడిగినవాడికి లేదని చెప్పాలన్నా సారీ, చావు జరిగిన ఇంటికి వెళ్లి ఏం మాట్లాడాలో తోచకపోయినా సారీయే! క్షమించమనడం, మళ్లీ చెప్పమనడం, కుదరదనడం, మీ దుఃఖంలో మాకూ పాలుందనడం... ఇన్ని పనులను రెండే అక్షరాలు చేస్తున్నాయి. ఇవి చాలవన్నట్టు మనం దానికి మరో అర్థం కూడా చేర్చాం. ‘సారీ చెప్పేశాగా, ఇంకేంటి?’ అన్నప్పుడు అది క్షమాపణ కాదు, తలుపు మూసి గొళ్లెం పెట్టడం!

నిజానికి ఆ మాట నొప్పిలోనే పుట్టింది. పాత ఇంగ్లిషులో నొప్పిని, పుండును చెప్పే పదం నుండి అది వచ్చింది. మన ‘పశ్చాత్తాపం’ కూడా అటువంటిదే. పశ్చాత్ అంటే తరువాత, తాపం అంటే మంట. హెబ్రీ బైబిలులో మరో వింత ఉంది. నరులను చేసినందుకు దేవుడు నొచ్చుకున్నాడన్న చోట (ఆది 6:6), తన ప్రజలను ఓదార్చమని ఆయన ఆజ్ఞాపించిన చోట (యెషయా 40:1) కనిపించేది ‘నాహమ్’ అనే ఒకే ధాతువు. ఆదికాండంలో మన తెలుగు అనువాదకులు దాన్ని ‘సంతాపము’ అన్నారు. అదే మాటను నేడు పత్రికలు మరణించిన వారి కోసం వాడుతున్నాయి.

ఈ ‘సారీ’ చుట్టూ ఒక దేశంలో ఏళ్ల తరబడి వాదన నడిచింది. ఆస్ట్రేలియాలో సుమారు 1910 నుండి 1970 వరకు ఆదివాసీల పిల్లలను తల్లుల ఒడి నుండి తీసుకుపోయి వసతిగృహాల్లో, తెల్లవారి ఇళ్లలో పెంచారు. చాలామంది తమ భాషను, అమ్మ ముఖాన్ని కూడా మరిచిపోయారు. ఆ వసతిగృహాల్లో కొన్నిటిని నడిపింది క్రైస్తవ మిషన్లేనన్నది మనం దాటవేయకూడని సంగతి. 1997లో విచారణ నివేదిక వచ్చింది. 1999లో నాటి ప్రధాని జాన్ హోవర్డ్ పార్లమెంటులో ప్రగాఢ విచారం ప్రకటించారు కానీ, వెనుకటి తరాల పనికి నేటి తరం దోషి కాదంటూ ‘సారీ’ అనడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆ మాటను పార్లమెంటులో పలికింది 2008 ఫిబ్రవరి 13న, కెవిన్ రడ్ ప్రధానిగా ఉన్నప్పుడు. గ్యాలరీలో కూర్చున్న వృద్ధులు ఏడ్చారు. అక్కడి ఆదివాసీల వాడుకలో ‘సారీ బిజినెస్’ అంటే చనిపోయిన వారి కోసం బంధువులంతా కూడి దుఃఖించే కార్యం. కాబట్టి వారి చెవికి అది తప్పు ఒప్పుకోవడం మాత్రమే కాదు, పక్కన కూర్చుని ఏడవడం కూడా అయివుంటుందని మనకు తోస్తుంది.

అయితే మాట తరువాత? నార్తర్న్ టెరిటరీ వంటి కేంద్ర పాలిత ప్రాంతాల్లో అలా దూరమైనవారికి 75,000 డాలర్ల పరిహారాన్ని ప్రభుత్వం ప్రకటించింది 2021లో, అంటే 13 ఏళ్లకు. ఆలోగా ఎందరు కన్నుమూశారో!

జక్కయ్య కథ చూడండి. లూకా 19వ అధ్యాయంలో అతడు క్షమించమని ఒక్క మాట కూడా అనలేదు, లెక్క చెప్పాడు. తానుగా తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు ఐదో వంతు కలిపి తిరిగి ఇస్తే ధర్మశాస్త్రం ప్రకారం చాలు (సంఖ్యా 5:7). నాలుగంతలు గొర్రె దొంగకు విధించిన దండన (నిర్గమ 22:1). జక్కయ్య ఆ దొంగ కొలతనే తనకు ఎంచుకున్నాడు. సౌలు రాజు మాత్రం పాపం చేశానని నోటితో ఒప్పుకుంటూనే, పెద్దల ముందు తన పరువు నిలపమని సమూయేలును బతిమాలాడు (1 సమూ 15:30). ఇద్దరిలో ఎవరిది సారీ?

సంఘకాపరులం గనుక మేము తరచూ చూస్తున్న సంగతి ఇది. పొలం గట్టు దగ్గర అన్నదమ్ములకు మాటలు ఆగిపోతాయి. ఉపవాస ప్రార్థనలో ఇద్దరూ కన్నీళ్లతో దేవునికి సారీ చెబుతారు, ప్రభువు బల్లలో కూడా ఇద్దరూ పాలుపొందుతారు. గట్టు మాత్రం జరిపిన చోటే ఉంటుంది! దేవుడు క్షమించేశాడు కదా, ఇక తమ్ముడితో పనేమిటన్నది అన్న వాదన.

అర్పణను బలిపీఠం ఎదుటే విడిచి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు (మత్తయి 5:23,24). ఆ మాటను కొండమీద విన్నవారిలో ఎందరో గలిలయవారు. బలిపీఠం ఉన్నదేమో యెరూషలేములో. అంటే రోజుల తరబడి నడిచి ఇంటికి వెళ్లాలి, మళ్లీ అంత దూరమూ నడిచి రావాలి. మన ఆ సహోదరుడు చాలాసార్లు అదే బెంచీకి ఆ చివర కూర్చుని ఉంటాడు.