తండ్రి పోయిన ఇంట్లో పిల్లలు

రామ్‌గోపాల్ వర్మ ‘రక్త చరిత్ర’ 2010లో రెండు భాగాలుగా వచ్చింది. పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవి జీవితమే దానికి ఆధారం. 1975లో తండ్రి శ్రీరాములు హత్యకు గురైనప్పుడు రవిది మీసకట్టు వయసు. తర్వాత సోదరుడు హరినీ పోగొట్టుకున్నారు. 2005 జనవరి 24న అనంతపురంలో రవినీ చంపేశారు. రెండో భాగంలో ఎదుటి పక్షం కొడుకుదీ అదే గతి: టీవీలో పెట్టిన బాంబుకు ఇంటివాళ్లు బలి.

వర్మ పగను బాగా తీశారు, భయాన్ని కాదు. కత్తి పట్టిన కొడుక్కే కథ దక్కింది. అదే ఇంట్లో పెరిగి, కత్తి పట్టని తమ్ముడో చెల్లెలో పెద్దయ్యాక ఎలా బతికారని మన ఫ్యాక్షన్ సినిమా (సుమోలు గాల్లోకి లేపే పనిలో పడి!) అడగదు.

ఈ సంచిక వాళ్ల కోసం. హిందూపురం, ధర్మవరం పాఠకులారా, పేర్లు మార్చయినా సరే, రాసి పంపండి.