మరబొమ్మలకు మాట నేర్పినది ఎవరు?

శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రమును గోడకు తగిలించినప్పుడు చూపరి కన్ను మొదట నడిమి పెద్ద చిత్రముపై నిలిచి, పిమ్మట చుట్టునున్న గడుల వెంట మెల్లగా సాగును. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ఘట్టము. అంచున తెలుగులో చిన్న వ్రాత. చదువురాని యాత్రికుడు గీతను బట్టియే కథ గ్రహించును. చదువు వచ్చినవాడు వ్రాతతో సరిచూచుకొనును. కరక్కాయ రసములోను పాలలోను తడిపిన గుడ్డపై, ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసి తీసిన నలుపుతో, వెదురు కలముపట్టి గీచిన ఇట్టి కథలను తరతరములుగా ఎరిగిన సీమలో, బొమ్మలతో చెప్పినది కథయే కాదనుట వింతగానున్నది. అయినను బడులలో ఆ మాట వినబడుచునే యున్నది. ముఖ్యముగా మరమనుషుల బొమ్మల కథల విషయమున.

ఈ కథలపై పెద్దల ఆక్షేపణ ఒకటి కలదు. లోకములో ముందు కథ పుట్టి, దానినిబట్టి ఆటబొమ్మ పుట్టవలెను గదా. ఇచ్చట బొమ్మను అమ్ముటకై కథను పుట్టించినారు. అంగడి సరకునకు కట్టిన చీటీలో సాహిత్యమేమి వెదకుట అని వారి ప్రశ్న. పుట్టుక విషయమున వారన్నది నిజమే. 1984లో అమెరికాలోని హాస్‌బ్రో సంస్థ, జపానులోని టకారా వారు చేసిన బొమ్మలను తెచ్చి, ట్రాన్స్‌ఫార్మర్స్ అని పేరు పెట్టి విపణికి విడిచెను. బండి విప్పినచో మరమనిషి, మడచినచో మరల బండి. వానికొక కథ కావలెనని మార్వెల్ అను బొమ్మల పత్రికల సంస్థను కోరిరి. అచ్చటి సంపాదకుడు బాబ్ బుడియాన్‌స్కీ ఆ బొమ్మలలో పెక్కింటికి పేరును, స్వభావమును కల్పించెను. ఒకడు బడాయికోరు, ఒకడు పిరికి, ఒకడు యుద్ధమనిన విసిగినవాడు. నాలుగు సంచికలతో ముగియవలసిన పత్రిక 80 సంచికలు నడచి 1991లో ఆగెను.

ఆ తొలి సంచికల చిత్రములు గొప్పవని దాని అభిమానులు సైతము గట్టిగా అనరు. పదుల కొలది యంత్రములను ఒకే పుటలో నిలువబెట్టవలసిన చిత్రకారుని అవస్థ గీతలోనే కానవచ్చును, దేహములు బిగుసుకొనియుండును. అయినను నలువది ఏండ్లు గడచినను పాఠకులు వానిని మరువలేదు. ఏల? ఆ ఇనుపముద్దలకు మనసున్నట్లు నాలుగు పంక్తులలో ఎవరో నమ్మించినారు గనుక. ఏటేటా అంగడికి వచ్చు క్రొత్త బొమ్మలన్నింటికిని కథలో చోటు చూపవలసిన నిర్బంధము రచయిత మెడపై కత్తివలె నుండెడిది. 1989లో ఆ భారమును అందుకొన్న సైమన్ ఫర్మన్ ఆ యంత్రముల పుట్టుకకు ఒక పురాణమునే కట్టెను.

దీనికి ఎదురు ఉదాహరణము 2002లో వచ్చినది. డ్రీమ్‌వేవ్ అను కెనడా సంస్థ ఆ మరమనుషులనే మరల చిత్రించెను. మెరుగులు, నీడలు, ఇనుముపై కాంతి కన్నులు చెదరునట్లుండెను. ప్రతులు విరివిగా అమ్ముడుపోయినవి. కొంతకాలమునకు పాఠకులలో గొణుగుడు మొదలయ్యెను: ముఖములన్నియు ఒక్కటే, ఎవడు మాట్లాడుచున్నాడో తెలియదు, కథ అడుగు కదలదు అని. 2005లో ఆ సంస్థ మూతపడినది. దాని కారణములు డబ్బు లెక్కలకు చెందినవి, వానిని విమర్శకుల ఖాతాలో వేయుట న్యాయము కాదు. కాని ఆ గొణుగుడు మాత్రము చక్కని విమర్శ.

ఇంతమాత్రమున రచనయే ప్రధానము, చిత్రము దాని దాసియని తీర్పు చెప్పుట తొందరపాటు. 2012 నుండి జేమ్స్ రాబర్ట్స్ వ్రాసిన కథామాలికను ఈ జాతి కథలలో ఉత్తమమని పలువురు మెచ్చుదురు. అందలి సంభాషణలు, హాస్యము, శోకము మెచ్చదగినవే. అయితే ప్రధాన చిత్రకారుడు అలెక్స్ మిల్న్ ఆ ఇనుప ముఖములకు కనుబొమలు ముడిచి, పెదవి వంచి చూపకున్నచో, ఆ హాస్యము ఎంత పండెడిదో చెప్పుట కష్టము. ఇక వీరి నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ విషయము మరింత చిత్రమైనది. అతని నోటిని ఒక రేకు కప్పియుండును. నవ్వును చూపలేడు, ఏడ్పును చూపలేడు. చిత్రకారుడు తల వాలుటతోను భుజము కుంగుటతోను పని నడుపవలెను. తక్కినది రచయిత మాట మోయవలెను. తిరుపతి అంగళ్లలో యాత్రికులు కొనుకొనిపోవు చెక్కబొమ్మలకును ముఖము మారదు. బొమ్మలకొలువులో దానిని నిలిపిన పిల్లయే దానికి గొంతు అరువిచ్చును.

చందమామ చదివి పెరిగిన ఉపాధ్యాయులకు ఈ చర్చ అపరిచితము కారాదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన ఆ పత్రికలో కొడవటిగంటి కుటుంబరావు చేతి తేట తెలుగు ఎంత ముఖ్యమో, భుజముపై శవముతో కత్తిదూసి నడచు విక్రమార్కుని గీచిన శంకర్ కుంచెయు అంతే ముఖ్యము. భేదమేమనగా, చందమామ కథను చిత్రము లేకయు చదువవచ్చును. గడుల కథలో అది వీలుపడదు. రెండింటిలో ఒకటి సోమరియైనచో కథ కుంటును. మరమనిషి పిడికిలి ఎత్తినట్లు చిత్రములో కనబడుచుండగా, "ఇదిగో, నిన్ను కొట్టుచున్నాను" అని వాని నోట పలికించు రచయిత ఒక విధమైన సోమరి. మరలు, మేకులు లెక్కపెట్టి గీచి, ఎవడు ఎచ్చట నిలిచినాడో తెలియనీయని చిత్రకారుడు మరియొక విధమైన సోమరి. ఈ కథలలో అధికభాగము ఈ రెండు దోషములతోనే చెడినవి; పెద్దల ఆక్షేపణకు బలము అచ్చట కలదు, అంగడి పుట్టుకలో కాదు. కలంకారీ పనివానికిని ఇంత గుడ్డ, ఇన్ని గడులు, ఫలానా ఘట్టమని కొనువారు చెప్పియుందురు.

తరగతిలో ఇట్టి పుస్తకము చిక్కినప్పుడు దానిని లాగుకొని బీరువాలో పెట్టుట సులభము. కాని గద్యపాఠమునకు "శైలి రమణీయము, భావము గంభీరము" అని గైడునుండి దించి వ్రాయు విద్యార్థియే, ఆ మరమనుషుల కథపై స్నేహితునితో అరగంట వాదించును. వానికి నిజముగా సొంత అభిప్రాయమున్న గ్రంథము బహుశః అదొక్కటే. దానిని లాగుకొనుట కంటె, మాటలున్న చోట్ల కాగితపు ముక్కలు కప్పి, కథ ఎంత తెలిసినదో అడుగవచ్చును. ఆపైన చిత్రములను కప్పి మాటలను మాత్రమే చదివింపవచ్చును. "బొమ్మలు బాగున్నవి, కథ బాగులేదు" అన్నవానిని, ఏ పుటలో, ఏ గడిలో అని నిలదీయవచ్చును. శ్రీకాళహస్తికి విహారయాత్రగా పిల్లలను తీసికొనిపోవు బడులు, ఆ వస్త్రముల ముందర నిలిపి ఈ ప్రశ్ననే మరల అడుగవచ్చును. అచ్చటి వ్రాతలు చిన్నవి. అరచేతితో కప్పినను చాలును.