బౌల్డరులో ఒకనాటి పాట

మా వద్ద తెలుగు చదువుకొని ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళిన విద్యార్థి ఒకడు ఇప్పుడు కొలరాడో రాష్ట్రంలోని బౌల్డరు పట్టణంలో ఉన్నాడు. మొన్న అతడు వ్రాసిన ఉత్తరంలో ఒక మాట మమ్ములను చాలా దినాలు వెంటాడింది. అతడు అద్దెకున్న ఇంటి యజమాని, వయసు మళ్ళిన మనిషి, ఒక పాత గ్రామఫోను రికార్డు వినిపించి, "ఈ పాటలు మా ఊరివి. ఇప్పుడు మా ఊళ్ళో చదువుకొనే పిల్లలకు ఇవి తెలియవు" అన్నాడట.

ఆ ఊరిని మేము చూడలేదు. కాని ఆ పాటలను ఎరుగుదుము. వాటి చరిత్రను కొంత చదివియున్నాము. ఈ సంవత్సరం మన కళాశాలలో వచ్చిన ఒక ప్రతిపాదనకు, ఆ ఊరి కథకు సంబంధమున్నదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అమెరికా దక్షిణ ప్రాంతపు రైతులు, గనికూలీలు, లారీలు తోలేవారు పాడుకొనే పాటకు అక్కడ కంట్రీ సంగీతమని పేరు. ఫిడేలు, బాంజో, గిటారు దాని వాద్యాలు. పట్నపు యువకులు విద్యుత్ గిటార్లతో, డ్రమ్ములతో హోరెత్తించేది రాక్ సంగీతం. 1960 దశకం చివర ఈ రెండూ కలిసి కంట్రీ రాక్ అయినవి. బర్డ్స్ అనే బృందం 1968లో వెలువరించిన 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో' ఈ దారిలో తొలి మైలురాళ్ళలో ఒకటి. ఈ సంగీతానికి ప్రాణం పెడల్ స్టీల్ గిటారు. తీగెలపై ఉక్కు కడ్డీని జార్చుతూ, కాలితో పెడలు నొక్కుతూ వాయిస్తే స్వరం ఒకచోటి నుండి మరొకచోటికి తెగకుండా సాగుతుంది. ఇది మనకు బొత్తిగా పరాయిది కాదు. దీనికి పుట్టినిల్లయిన హవాయి గిటారే మన పాత హిందీ సినిమా పాటలలోను వినిపిస్తుంది. మన పెద్దలు రేడియోలో విని మురిసిన నాదానికి ఇది దాయాది.

ఈ కలయిక చెవికి సుళువుగా తోచినా ఆనాడు మనుషుల మధ్య సుళువైనది కాదు. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. జుట్టు పెంచిన విద్యార్థులంటే పల్లెపాటల పెద్దలకు గిట్టదు. ఆ పెద్దలంటే విద్యార్థులకు చిన్నచూపు. నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్ అనే యువక బృందం 1971లో నాష్‌విల్ నగరానికి పోయి, మేబెల్ కార్టర్, డాక్ వాట్సన్, ఎర్ల్ స్క్రగ్స్ వంటి పెద్దలతో కలిసి పాడి, మరుసటి సంవత్సరం ఒక పెద్ద సంపుటిని వెలువరించింది. రాయ్ ఎకఫ్ అనే పెద్దాయన మొదట వీరిని శంకించినా, వీరి వాయిద్యం విన్న తరువాత తానూ గొంతు కలిపినాడు. కాలిఫోర్నియాలో పుట్టిన ఈ బృందం ఆ కాలంలోనే కొలరాడోకు కాపురం మార్చింది.

బౌల్డరు ఏమంత మహానగరం కాదు. 1970 జనాభా లెక్కలలో దాని జనసంఖ్య 66,870. కొండల అంచున 1876లో నెలకొన్న విశ్వవిద్యాలయం. దాని ఎదుట 'హిల్' అని పిలిచే పేట. ఆ పేటలో తులాగి అనే చిన్న గానశాల. 1971 డిసెంబరులో ఇంకా ఒక్క రికార్డయినా వెలువడని నలుగురు యువకులు అక్కడ వాయించినారు. వారిని వినడానికి ఇంగ్లండు నుండి వచ్చిన గ్లిన్ జాన్స్ అనే రికార్డింగు నిపుణుడికి ఆ రోజు వారి సంగీతం అంతగా నచ్చలేదు. తరువాత వారి తొలి సంపుటిని తీర్చిదిద్దినది ఆయనే. ఆ నలుగురి పేరు ఈగల్స్.

గ్రామ్ పార్సన్స్ కథ మరీ చిత్రమైనది. కంట్రీ రాక్‌కు ఆద్యులలో ఒకడైన ఈ గాయకుడు 1973 ఆరంభంలో ఎమిలూ హ్యారిస్‌తో కూడిన బృందాన్ని వెంటబెట్టుకొని బౌల్డరులో పాడితే, సాధన చాలలేదని గానశాలవారు తొలి ప్రదర్శనకే సెలవిచ్చి పంపినారు. ఆ భంగపాటు తరువాత జాక్ బార్ట్‌లీ అనే బౌల్డరు గిటారు వాద్యకుడు ఆ బృందంలో చేరినాడు. ఆ యాత్రలో అతనికి రిక్ రాబర్ట్స్‌తో పరిచయమయింది. ఆ పరిచయం నుండి 1974లో బౌల్డరులోనే ఫైర్‌ఫాల్ అనే బృందం పుట్టింది. 1976 నాటికి దాని పాట అమెరికా అంతటా వినబడింది. పార్సన్స్ ఆ వైభవం చూడలేదు. 1973 సెప్టెంబరులో, 26 ఏండ్లకే మరణించినాడు.

ఓడిన కచేరీ కూడ ఒక ఊరికి పనికివచ్చిందని ఈ కథ చెబుతున్నది. కాని దానికి ఓడడానికి ఒక చిన్న గది కావాలి. వేలమంది పట్టే మైదానంలో ఎవరూ కొత్తవాడిని వేదిక ఎక్కనివ్వరు.

తరువాతి సంగతి త్వరగా చెప్పవచ్చును. పైకొండలలో నెదర్లాండ్ గ్రామం దగ్గరి కారిబూ రాంచ్ అనే రికార్డింగు శాల 1985లో అగ్నిప్రమాదానికి గురియై మరల తెరచుకోలేదు. సంగీతాభిరుచి మారింది. ఇండ్ల ధరలు పెరిగి బీద వాద్యకులకు ఆ ఊరు అందకుండపోయింది. మరొకటి కూడ దాచకుండ చెప్పాలి. ఆ గానశాలలు బీరు అమ్మి బ్రతికినవి. 18 ఏండ్లు నిండినవారికి 3.2 శాతం బీరు అమ్మడానికి కొలరాడో చట్టం ఒప్పుకొనేది. 1987లో ఆ వయోపరిమితి 21కి పెరిగింది. ఆ చట్టాన్ని మేము తప్పుపట్టము సరికదా మంచిదే అంటాము. అయితే మద్యాన్ని ఆపడం చట్టం పని. దానితోపాటు పాట ఆగిపోకుండ చూచుకొనడం ఊరి పెద్దల పని. తులాగి 2003లో మూతపడింది.

విశ్వవిద్యాలయపు ఊరికి స్వతహాగా జ్ఞాపకశక్తి తక్కువ. నాలుగేండ్లకొకసారి ఊరి సగం మారిపోతుంది. పాడినవాడు పోతాడు, విన్నవాడు పోతాడు; కొత్తగా వచ్చినవాడికి గోడలే మిగులుతాయి. మన కళాశాలకు మూడేండ్లే గడువు.

ఇక మన ప్రతిపాదన. నెలకొక సాయంకాలం ఉర్దూ విభాగంవారు, తెలుగు విభాగంవారు కలిసి జరుపుకొనే కవిగాన సభను నిలిపివేసి, ఆ గదిని పోటీపరీక్షల శిక్షణకు కేటాయించాలని కొందరు పెద్దలు సూచించినారు. వారి ఉద్దేశం మంచిదే. మన పిల్లలకు ఉద్యోగాలు కావాలి. ఆ సంగతి మాకంటె ఎవరికి ఎక్కువ తెలుసును? మేమూ అటువంటి పరీక్షలు వ్రాసే ఈ బల్ల దగ్గరికి చేరినాము. కాని ఆ గదిలో గజల్ చదివే పిల్లవాడు పక్కన కూర్చుని సీసపద్యం వినడం నేర్చుకొన్నాడు. పద్యం పాడే పిల్లకు మత్లా అంటే ఏమో తెలిసింది. తరగతిలో మేము ఎంత చెప్పినా ఈ పని జరుగలేదు. ఆ సభలలో చదివిన వాటిలో చాలా భాగం చెడ్డ కవిత్వమన్న మాట నిజం. తప్పు చదివి నవ్వులపాలైన పిల్లవాడే మరుసటి నెల సరిదిద్దుకొని రావడం మేము చూచినాము.

మా విన్నపం పెద్దది కాదు. శిక్షణ తరగతులు తక్కిన దినాలలో ఆ గదిలోనే జరుగనివ్వండి. రెండవ శనివారం సాయంకాలం మాత్రం సభకు విడిచిపెట్టండి. చదివినవారి పేరు, చదివిన రచన ఒక పుస్తకంలో వ్రాయించే బాధ్యత మాది. అందులో మేలైనవి ఏటేటా ఈ సంచికకు అందజేస్తాము. గది తాళం ప్రస్తుతం కార్యాలయంలో ఉన్నది. వచ్చే రెండవ శనివారం ఐదు గంటలకు దానిని అడిగి తీసుకొనడానికి మేము వస్తాము.